పెద్ద పేరు లేని మంచి వైనరీలు: వారాంతపు ప్రయాణానికి తరచుగా అడిగే ప్రశ్నలు

పేరు మోసిన వైనరీలు ఉండగా ఎవరికీ తెలియని చోటికి ఎందుకు వెళ్లాలి?

పేరున్న చోట వైన్ బాగుండదని కాదు. అక్కడ మీరు ఇచ్చే డబ్బులో పెద్ద వాటా ఆ పేరుకే పోతుంది. ఆ పేరు ఎప్పుడో స్థిరపడినది కావచ్చు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్లకు 1855లో తరగతులు కట్టారు. ఆ జాబితాలో తర్వాత జరిగిన చెప్పుకోదగ్గ మార్పు 1973లో షాటో ముటాన్ రోత్‌షిల్డ్ అనే వైనరీని మొదటి తరగతికి పెంచడం ఒక్కటే. తోటలు చేతులు మారాయి, వైన్ చేసేవాళ్లు మారారు, వాతావరణమూ మారింది. తరగతులు మాత్రం అలాగే ఉన్నాయి, ధరలు వాటి వెంటే నడుస్తున్నాయి.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ ఒక పోటీ ఏర్పాటు చేశారు. ఫ్రెంచి న్యాయనిర్ణేతలు సీసాల మీది పేర్లు చూడకుండా రుచి చూసి, తెలుపులోనూ ఎరుపులోనూ కాలిఫోర్నియాలోని నాపా లోయ వైన్లకే మొదటి స్థానం ఇచ్చారు. అంతకు ముందు నాపాను లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ. అంటే వైన్ మంచిదై ఉండి, పేరు ఇంకా రాని కాలం ప్రతి ప్రాంతానికీ ఒకటి ఉంటుంది. మీరు వెతకవలసింది ఇప్పుడు ఆ దశలో ఉన్న చోట్లను.

ఇంకొక కారణం కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. చిన్న వైనరీలో మీ గ్లాసులో వైన్ పోసే మనిషే చాలాసార్లు ఆ ద్రాక్ష పండించిన మనిషి. అటువంటి వ్యక్తితో ఒక గంట గడిపితే తెలిసే విషయాలు పెద్ద వైనరీ కౌంటర్ దగ్గర ఎంత సేపు నిలబడినా తెలియవు.

అటువంటి ప్రాంతాలను ఎలా కనిపెట్టాలి?

పటం తీసుకుని పేరున్న ప్రాంతం సరిహద్దు దాటి పక్కకు చూడండి. నాకు తెలిసిన దారుల్లో దీన్ని మించినది లేదు. సరిహద్దు గీత కాగితం మీద ఉంటుంది. నేల, ఎండ, ద్రాక్ష రకం ఆ గీత దగ్గర ఆగిపోవు.

ఫ్రాన్స్‌లో లువార్ నది ప్రాంతపు సాన్సెర్ పేరు అందరికీ తెలుసు. దాన్ని ఆనుకునే మెనెటూ-సాలోన్ ఉంది. అదే సొవిన్యోన్ బ్లాంక్ ద్రాక్ష, అదే తరహా సున్నపురాతి నేల. బోర్డోలో పొమెరోల్‌కు పడమట, నదికి అవతల ఫ్రాన్సాక్ ఉంది, అక్కడా మెర్లో ద్రాక్షదే ప్రధాన స్థానం. బుర్గుండీ దక్షిణాన పూయీ-ఫ్యూసేకు ఇరువైపులా సాన్-వెరాన్ పరచుకుని ఉంది, రెండూ షార్డొనే ద్రాక్షతో చేసినవే. 2020 పంట నుంచి పూయీ-ఫ్యూసేలోని కొన్ని తోటలకు ప్రీమియర్ క్రూ అనే పై స్థాయి హోదా దక్కింది. ఒక పేరుకు హోదా పెరిగినప్పుడల్లా పక్కనున్న పేరు మన దృష్టిలో పడాలి.

ఇటలీలో బరోలో, బర్బరెస్కోల నుంచి తనారో నది దాటితే రొయేరో వస్తుంది. ద్రాక్ష అదే నెబ్బియోలో. నేలలో ఇసుక ఎక్కువ కాబట్టి వైన్ కొంత తేలికగా, తొందరగా తాగడానికి అనువుగా ఉంటుంది. స్పెయిన్‌లో ప్రియొరాత్‌ను దాదాపు చుట్టుముట్టి మాంత్‌సాంత్ ఉంది. ప్రియొరాత్ ప్రత్యేకత దాని పలకరాతి నేల, మాంత్‌సాంత్‌లో నేలలు రకరకాలు. కనుక రెండూ ఒకటేనని చెప్పను. గార్నాచా, కారిన్యేనా ద్రాక్షల రుచి తెలుసుకోవాలంటే మాత్రం మాంత్‌సాంత్ చాలు.

అమెరికాలో నాపాకు బదులు లోడై చూడవచ్చు. అక్కడి ఇసుక నేలల్లో ఎంతో వయసున్న జిన్‌ఫాండెల్ ద్రాక్ష తీగలు ఇంకా కాపు కాస్తున్నాయి. అక్కడి రైతులు చాలా కాలం తమ ద్రాక్షను బయటి పెద్ద వైనరీలకు అమ్మారు, సొంత పేరుతో సీసాలు నింపడం తర్వాత ఊపందుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ కథ వేరు. అంత చలిలో యూరప్ ద్రాక్ష బతకదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఉక్రెయిన్ నుంచి వచ్చిన డాక్టర్ కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ సరైన వేరుమొక్కల మీద అంటుకట్టి పెంచి చూపించి, 1962లో సొంత వైనరీ పెట్టారు. లోతైన ఆ సరస్సులు శీతాకాలపు చలి తీవ్రతను తగ్గిస్తాయి. ఇప్పుడు అక్కడి రీస్లింగ్ ద్రాక్ష వైన్ కోసమే ప్రయాణం పెట్టుకోవచ్చు.

పేరున్న ప్రాంతానికే వెళ్లాల్సి వస్తే?

ద్రాక్ష రకం మార్చండి. బరోలో గ్రామాల్లోనే దొల్చెత్తో, బర్బెరా, ఫ్రైజా కూడా చేస్తారు. చాలాసార్లు అదే కుటుంబం, అదే నేలమాళిగ. బుర్గుండీలో అలిగొతే అనే తెల్ల ద్రాక్ష వైన్ అడగండి. మంచి తోట ఉన్నవారు ఈ చిన్న వైన్లను కూడా శ్రద్ధగానే చేస్తారు. ధర మాత్రం పెద్ద ద్రాక్షకు ఉన్నంత ఉండదు.

మెరిసే వైన్ కోసమే అయితే, షాంపేన్‌కు బదులు ఫ్రాన్స్‌లోని ఇతర ప్రాంతాల్లో చేసే క్రెమాన్ అనే మెరిసే వైన్ చూడండి. రెండింటిలోనూ రెండో పులియబెట్టడం సీసాలోనే జరుగుతుంది. క్రెమాన్‌ను కనీసం 9 నెలలు ఈస్ట్ మడ్డి మీద ఉంచాలి. పంట సంవత్సరం వేయని షాంపేన్‌ను విడుదలకు ముందు కనీసం 15 నెలలు సీసాలో ఉంచాలి, అందులో 12 నెలలు మడ్డి మీదే. తేడా ఉంది, కానీ ధరలో కనిపించేంత తేడా రుచిలో అన్నిసార్లూ ఉండదు.

సరసమైన ధర అని ఎలా తేల్చుకోవాలి?

వైన్ తయారీకి నిజంగా ఖర్చయ్యేవి కొన్ని ఉన్నాయి. భూమి ధర, చేతితో కోయించే కూలి, ఎకరానికి దిగుబడి, కొత్త ఓక్ పీపాలు, అమ్మకుండా నిల్వ ఉంచిన కాలం. మామూలు బోర్డో పీపాలో 225 లీటర్లు పడుతుంది, అంటే 300 సీసాలు. ఏటా కొత్త పీపాలు కొనే వైనరీ ఆ ఖర్చును ఆ 300 సీసాల మీదే పంచుకోవాలి. ఆ లెక్క న్యాయమైనదే. పాలరాతి మెట్లు, శిల్పి చెక్కిన ఫౌంటెన్, బరువైన గాజు సీసా వైన్‌కు రుచి తేవు. వాటి ఖర్చు మాత్రం సీసా ధరలో ఉంటుంది.

లేబుల్ మీది గంభీరమైన మాటలకూ విలువ అన్నిచోట్లా ఒకటి కాదు. స్పెయిన్‌లో ఎర్ర వైన్ మీద ‘రెసెర్వా’ అని ఉంటే దాన్ని కనీసం 3 ఏళ్లు, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో ఉంచారని చట్టం చెబుతుంది. ఆ ఓపిక భారం వైనరీ మోసింది, మీరు కొన్న రోజే తాగవచ్చు. అమెరికాలో ‘రిజర్వ్’ అనే మాటకు చట్టప్రకారం అర్థం లేదు, ఎవరైనా వేసుకోవచ్చు.

నేను నమ్మే పరీక్ష ఒకటి ఉంది. ఆ వైనరీలో అన్నిటికన్నా చవకైన సీసాను ముందు రుచి చూడండి. ఖరీదైన వైన్ బాగుండటం గొప్ప కాదు, దానికి అన్నీ సమకూర్చి ఉంటారు. చవకదాన్ని కూడా మనసు పెట్టి చేసే ఇల్లు మనకు కావాలి.

వెళ్లకముందే లేబుల్ చూసి ఏమైనా తెలుసుకోవచ్చా?

చాలా తెలుసుకోవచ్చు. దుకాణంలో సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు వైపు బొమ్మను వదిలేసి వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి.

షాంపేన్ సీసా లేబుల్ మీద, అందరూ వదిలేసే చోట చిన్న అక్షరాల్లో, ఒక సంఖ్య పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. ‘ఆర్‌ఎం’ అంటే తన ద్రాక్షతో తానే వైన్ చేసుకున్న రైతు. ‘ఎన్‌ఎం’ అంటే ద్రాక్ష కొని చేసే వ్యాపార సంస్థ, ప్రసిద్ధమైన పేర్లు దాదాపు అన్నీ ఈ కోవలోవే. ‘సీఎం’ అంటే సహకార సంఘం. వారాంతంలో తలుపు తట్టాలనుకుంటే ‘ఆర్‌ఎం’ సీసాల మీది గ్రామాల పేర్లు రాసుకోండి. మీ ప్రయాణపు పటం అక్కడే తయారవుతుంది. ఫ్రాన్స్‌లోని ఇతర ప్రాంతాల్లో అయితే సీసా మూత చూడండి. భుజాన పీపా మోస్తున్న మనిషి బొమ్మ ఉంటే అది స్వతంత్ర ద్రాక్ష రైతుల సంఘం గుర్తు.

అమెరికాలో ‘ఎస్టేట్ బాటిల్డ్’ అని ఉంటే, ద్రాక్ష మొత్తం ఆ వైనరీ సొంత తోటలోనో దాని అజమాయిషీలోని తోటలోనో పండినదే, పులియబెట్టడం నుంచి సీసాలో నింపడం దాకా అక్కడే జరిగిందని అర్థం. ‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ అంటే కనీసం 75 శాతం అక్కడ పులియబెట్టినది. ‘సెల్లార్డ్’, ‘వింటెడ్’ అని ఉంటే మాత్రం ఆ వైన్ మరెక్కడో తయారై ఉండవచ్చు. అలా చేసినది చెడ్డదని కాదు, కానీ తోట చూద్దామని మీరు వెళ్లే చోట తోట లేకపోవచ్చు. జర్మనీలో పండించినవారే సీసాలో నింపారని చెప్పే మాటలు రెండు ఉన్నాయి. వాటిలో ‘గుట్స్‌అబ్‌ఫ్యులుంగ్’ అనే మాట ‘ఎర్ట్‌సోయిగర్‌అబ్‌ఫ్యులుంగ్’ కంటే కఠినమైన హామీ. రెండోది సహకార సంఘాలు కూడా వేసుకోవచ్చు.

సహకార సంఘాల వైనరీలకు వెళ్లడం దండగ అంటారు, నిజమేనా?

కాదు. ఈ మాట ఇంకా వినిపించడం నాకు బాధ కలిగిస్తుంది. నాసిరకం వైన్ నింపే సంఘాలు ఉన్నాయి, ఉండేవి. కానీ ఇటలీలో 1958లో ఏర్పడిన ప్రొదుత్తోరి దెల్ బర్బరెస్కో సహకార సంఘమే. ఒక్కొక్క తోట వైన్‌ను విడిగా సీసాల్లో నింపి, పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం ఇస్తుంది. ఫ్రాన్స్‌లో షాబ్లీలోని లా షాబ్లిజియెన్, ఉత్తర ఇటలీలోని తెర్లానో, ఆస్ట్రియాలోని డొమేన్ వాఖావ్ కూడా సహకార సంఘాలే. కొత్త ప్రాంతానికి వెళ్లినప్పుడు మొదటి మజిలీగా మంచి సంఘాన్ని పెట్టుకోండి. ఆ ప్రాంతపు రుచి మొత్తం ఒకే చోట తెలుస్తుంది. చాలా వరకు శనివారాలు తెరిచి ఉంటాయి కూడా.

ఇంటర్నెట్‌లో నక్షత్రాల రేటింగ్‌లు నమ్మవచ్చా?

వసతి గురించి, అక్కడి సిబ్బంది నడవడి గురించి అయితే నమ్మవచ్చు. వైన్ గురించి అవి చెప్పేది తక్కువ. చాలా మంది మార్కులు వేసేది సూర్యాస్తమయానికి, కుర్చీలకు. వందల కొద్దీ అభిప్రాయాలు ఉన్నాయంటే ఆ చోటు అప్పటికే తెలిసిన చోటు.

అంతకంటే మనుషులను అడగండి. మంచి వైన్ దుకాణం నడిపేవారికి, మంచి రెస్టారెంట్‌లో వైన్ జాబితా తయారు చేసేవారికి ఏ రైతు దగ్గర ఏమి బాగుందో తెలుసు. మీరు మెచ్చిన విదేశీ సీసా వెనక దిగుమతిదారు పేరు ఉంటుంది. వారి జాబితాలోని మిగతా పేర్లు చూడండి, ఒకే అభిరుచి ఉన్న మనిషి ఎంచినవి కదా. అన్నిటికన్నా మేలైన ప్రశ్న వైనరీలోనే అడగాలి: ‘మీరు సొంతానికి ఎవరి వైన్ కొంటారు?’ ఆ జవాబులో వచ్చే పేర్లు ఏ యాప్‌లోనూ పైన కనిపించవు.

ముందుగా చెప్పి వెళ్లాలా?

తప్పకుండా. చిన్న వైనరీలో రిసెప్షన్ ఉండదు. మీతో మాట్లాడవలసిన మనిషి ట్రాక్టర్ మీదో పీపాల దగ్గరో ఉంటారు. వారం రోజుల ముందు నాలుగు వాక్యాలు రాయండి: ఎంతమంది వస్తున్నారు, ఏ రోజు, ఏ సమయానికి, వారి వైన్లలో మీకు ఏది తెలుసు లేదా ఎందుకు రావాలనుకుంటున్నారు. చివరి వాక్యమే మీ ఉత్తరాన్ని మిగతా వాటి నుంచి వేరు చేస్తుంది. ఆలస్యమైతే ఫోను చేయండి. రాలేకపోతే ఆ మాట ముందే చెప్పండి. మీ కోసం ఒక మనిషి పని మానుకుని కూర్చుంటారు.

ముందస్తు మాట లేకుండానే వెళ్లగల చోట్లూ కొన్ని ఉన్నాయి. ఆస్ట్రియాలో 1784లో రెండవ జోసెఫ్ చక్రవర్తి ఇచ్చిన ఆజ్ఞతో రైతులు తమ వైన్‌ను తమ ఇంటి దగ్గరే అమ్ముకునే హక్కు పొందారు. అక్కడ గుమ్మానికి ఆకుల కొమ్మ కట్టి ఉంటే ఇల్లు తెరిచి ఉందని అర్థం. జర్మనీలోనూ రైతులు ఏడాదికి గరిష్ఠంగా 4 నెలలు ఇలా తలుపులు తెరుస్తారు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంత తేలికైన ప్రవేశం మరొకటి లేదు.

శని, ఆదివారాల్లో ఎన్ని వైనరీలు చూడవచ్చు?

రోజుకు మూడు. నాలుగో దానికి వెళ్లేసరికి నాలుక మొద్దుబారుతుంది, వినే ఓపిక కూడా తగ్గుతుంది. చిన్న రైతులకు ఆదివారం సెలవు కావడం మామూలు, కాబట్టి మనుషులతో మాట్లాడవలసిన చోట్లను శనివారం పెట్టుకోండి. ఉదయం పది, పదకొండు మధ్య మొదటిది, భోజనం తర్వాత రెండోది, సాయంత్రానికి ముందు మూడోది. ఆదివారానికి తోటల మధ్య నడక, తెరిచి ఉన్న చోటు ఏదైనా ఉంటే అది చాలు. శుక్రవారం ఒక పూట సెలవు దొరికితే అన్నిటికన్నా మంచి కలయికను ఆ పూటే పెట్టుకోండి.

కోతల కాలంలో వెళ్తే బాగుంటుందా?

కంటికి బాగుంటుంది. ఉత్తరార్ధగోళంలో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు సాగుతాయి. ఆ రోజుల్లో చిన్న వైనరీ వాళ్లకు నిద్ర కూడా ఉండదు. నేనైతే తీగలు కత్తిరించే చలికాలాన్నో, చిగుళ్లు వేసే వసంతాన్నో ఎంచుకుంటాను. మాట్లాడటానికి వారికి తీరిక ఉంటుంది.

వైన్ గురించి ఏమీ తెలియదు. అడిగితే నవ్వుతారేమో?

తన పని గురించి అడిగితే నవ్వే రైతు నాకు ఎదురుపడలేదు. తెలిసినట్టు మాట్లాడటం కంటే తెలియదని చెప్పడం మేలు. ఈ ఏడు వర్షాలు ఎలా పడ్డాయి, ఏ తోట ఇబ్బంది పెట్టింది, ఈ రెండు సీసాల మధ్య మీరు చేతితో చేసిన మార్పు ఏమిటి, ఇవి అడగండి. ‘బెస్ట్ వైన్ ఏది’ అని అడిగితే ధరల పట్టిక చదువుతారు.

మాట కలిసిందంటే నేలమాళిగలోకి తీసుకెళ్తారు. పీపా మీది బిరడా తీసి, పొడవాటి గాజు గొట్టాన్ని లోపలికి దించి, పై చివరను బొటనవేలితో మూసి పైకి తీస్తారు. వేలు కొంచెం సడలించగానే వైన్ మీ గ్లాసులోకి జారుతుంది. అది ఇంకా పూర్తి కాని వైన్, పుల్లగా, బిగుసుకుని ఉండవచ్చు. అప్పుడు ఒక మాట అడగండి: అదే ద్రాక్షను కొత్త పీపాలో పెట్టినదీ పాత పీపాలో పెట్టినదీ పక్కపక్కన రుచి చూపించగలరా అని. ఒకదానిలో వెనిలా, కాల్చిన చెక్క వాసన ముందుకు వస్తుంది. మరొకదానిలో పండు వాసనే మాట్లాడుతుంది. ఓక్ గురించి ఎన్ని పేజీలు చదివినా ఆ రెండు గుక్కల్లో తెలిసినంత తెలియదు.

రుచి చూసింది ఉమ్మేయడం అమర్యాద కాదా? కారు నడపడం సంగతి ఏమిటి?

ఉమ్మడమే పద్ధతి. దానికోసమే అక్కడ పాత్ర పెడతారు. లేకపోతే అడిగి తెప్పించుకోండి. వైన్ చేసేవాళ్లు కూడా రోజంతా ఉమ్ముతూనే పని చేస్తారు.

లెక్క చూడండి. ఒక్కో వైన్‌ను 50 మిల్లీలీటర్ల చొప్పున, ఒక్కో చోట ఆరు రకాలు, రోజుకు మూడు చోట్లు అంటే 900 మిల్లీలీటర్లు. సీసాలో ఉండేది 750. కొంచెం కొంచెం అనుకుంటూనే ఒక సీసా దాటిపోతారు. 13 శాతం వైన్ 50 మిల్లీలీటర్లలో దాదాపు 5 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఆరు గ్లాసులకు 30 గ్రాములు. దాన్ని శరీరం వదిలించుకోవడానికి గంటలు పడుతుంది, కాఫీ తాగినా చన్నీళ్లు చల్లుకున్నా ఆ వేగం పెరగదు. చాలా దేశాల్లో రక్తంలో 0.05 శాతం దాటితే నేరం, హంగరీ, చెక్ రిపబ్లిక్‌లలో పరిమితి సున్నా. ఉమ్మినా కొంత లోపలికి పోతుంది. అందుచేత తాగని వ్యక్తి చేతికి స్టీరింగ్ ఇవ్వండి, లేదా డ్రైవర్‌ను మాట్లాడుకోండి, లేదా నడిచి వెళ్లగల గ్రామంలో బస చేయండి. ఈ ఒక్క విషయంలో ‘జాగ్రత్తగా నడుపుతాను’ అనే మాటకు చోటు లేదు.

రుచి చూశాక కొనక తప్పదా?

రుసుము తీసుకున్న చోట కొనకపోయినా తప్పు లేదు. చాలా చోట్ల కొంటే ఆ రుసుము తగ్గిస్తారు, ముందే అడగండి. ఉచితంగా, తన సమయం ఇచ్చి చూపించిన రైతు దగ్గర ఒకటి రెండు సీసాలైనా తీసుకోవడం ధర్మం. నిజంగా ఏదీ నచ్చకపోతే కృతజ్ఞత చెప్పి రండి.

కొనేటప్పుడు బయట దొరకని వాటిని తీసుకోండి: ఆ గుమ్మం దగ్గర మాత్రమే అమ్మేవి, తక్కువ సీసాలే చేసినవి, పాత సంవత్సరాలవి. పాత పంటలు చిన్న వైనరీల్లో ఆశ్చర్యపోయే ధరకు దొరుకుతాయి, ఎందుకంటే అడిగేవాళ్లు తక్కువ. నచ్చిన సీసాను ఒకటి కాకుండా మూడు తీసుకుంటే ఇప్పుడొకటి, రెండేళ్లకు ఒకటి, ఐదేళ్లకు ఒకటి తెరిచి మార్పు చూడవచ్చు.

ఇంటికి ఎలా తీసుకెళ్లాలి?

ఎండలో ఆపిన కారు డిక్కీలో పెట్టి మరో వైనరీలోకి వెళ్లకండి. మూసిన కారులో వేడి 50 డిగ్రీలు దాటగలదు, కొన్ని గంటల్లోనే వైన్ ఉడికిన పండు వాసన పడుతుంది, బిరడా పైకి తోసుకువస్తుంది. వేడి రోజుల్లో సీసాలను సీట్ల మధ్య నీడలో ఉంచండి, లేదా చివరి మజిలీలోనే కొనండి. విమానంలో అయితే చెక్-ఇన్ సామానులో పెట్టాలి. 24 శాతం కంటే తక్కువ ఆల్కహాల్ ఉన్న వాటికి విమాన భద్రతా నియమాల్లో పరిమాణపు పరిమితి లేదు, కానీ కస్టమ్స్ పరిమితి దేశానికొక తీరు. నిండు సీసా బరువు 1.2 కిలోల నుంచి 1.5 కిలోల దాకా ఉంటుందని సామాను తూచేముందు గుర్తుంచుకోండి.

ఇంటికి చేరాక బిరడా ఉన్న సీసాలను చీకటిగా, చల్లగా ఉండే చోట పడుకోబెట్టండి. పాత ఎర్ర వైన్‌ను తెరిచే ముందు ఒక రోజు నిలువుగా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, ఆ తర్వాత కదపకుండా మెల్లగా వంచి పోయండి.